12 వేల ఔట్‌బోర్డ్ మోటారుకి 46,860 ఎలా అయ్యింది: ప్రాజెక్టు డైరీ

బోటు వెనక తగిలించే ఇంజన్‌నే ఔట్‌బోర్డ్ అంటారు. మోటారు వివరాలు ముందు. యమహా ఎండ్యూరో, 8 హార్స్‌పవర్, టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, 165 సీసీ, బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 50 మి.మీ. పెట్రోల్ మోడల్. కిరోసిన్ మోడల్స్ కూడా తిరుగుతుంటాయి, వాటికి కంప్రెషన్ తక్కువ ఉంటుంది కాబట్టి నేను కింద రాసిన పీఎస్ఐ (ఒత్తిడి) లెక్కలు వాటికి పనికిరావు. షాఫ్ట్ పొడుగుది, 20 అంగుళాలు. కొనేముందు టేపు పెట్టి కొలవండి, పొట్టిది 15 అంగుళాలు, బోటు వెనక చెక్క ఎత్తుకి అది సరిపోకపోతే మిగతా ఖర్చంతా దండగే.

తాళ్ళరేవు దగ్గర ఒకాయన గొడ్ల పాకలో ఆరేళ్ళు పడుంది. చేపల వేటకి వాడిన మోటారు, ఉప్పునీళ్ళలోంచి తీసి మంచినీళ్ళతో కడక్కుండానే మూల పడేశారు. ఆయన 15 వేలు అన్నాడు, 12 వేలకి తెగింది. ఆటోలో కాకినాడ చేర్చడానికి 600. అదే వారం కాకినాడ ఏటిమొగలో నడిచే కండిషన్‌లో ఉన్న ఇలాంటి మోటారే 45 వేలు చెప్పారు, "అంతెందుకు, మనమే చేసుకుంటే సగంలో అయిపోద్ది" అనుకున్నా. ఈ 45 వేల సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇప్పటివరకు మొత్తం: రూ. 12,600

స్టేజ్ 1: విప్పకముందు కొలతలు

విప్పేశాక ఏది ముందు పాడయ్యిందో తెలీదు, అందుకే ముందు బయట నుంచే చూశా.

1. రెండు ప్లగ్గులూ తీసి, వాటిని వాటి క్యాపుల్లోనే పెట్టి బాడీకి ఎర్త్ అయ్యేలా ఆనించాలి. ఊరికే గాల్లో వేలాడదీస్తే కాయిల్ పోవచ్చు.
2. థ్రాటిల్ ఫుల్‌గా తెరవాలి. ఇది మర్చిపోతే రీడింగ్ తక్కువ చూపిస్తుంది, నాకు మొదటిసారి అలాగే 55 వచ్చి గుండె జారిపోయింది.
3. గేజ్ బిగించి ముల్లు ఆగేవరకు తాడు లాగాలి, ఐదారు లాగులు.
4. తక్కువ వచ్చిన సిలిండర్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ లాగాలి.

పై సిలిండర్ 92 పీఎస్ఐ, కిందది 61. ఆయిల్ పోశాక కిందది 84కి లేచింది. ఆయిల్‌తో లేచిందంటే లీకు రింగుల దగ్గర, లేవకపోతే హెడ్ గాస్కెట్ వైపు చూడాలి. రెండిటికీ మధ్య తేడా పదిశాతం లోపు ఉండాలంటారు, మనది ముప్ఫై దాటింది. అంటే బోరింగ్ (సిలిండర్‌ని లోపల కోసి పెద్దది చేయడం) తప్పదని మొదటి రోజే తెలిసిపోయింది, కానీ నేను ఒప్పుకోలేదు, "రింగులు మారిస్తే చాల్లే" అని ఇంకో నెల నన్ను నేనే మోసం చేసుకున్నా.

కంప్రెషన్ గేజ్ 1,150, ప్లగ్గులు రెండు 360, తుప్పు వదిలే స్ప్రే 420, సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ 650.

ఇప్పటివరకు మొత్తం: రూ. 15,180

స్టేజ్ 2: స్పార్క్ లేదు

రెండు ప్లగ్గుల్లోనూ స్పార్క్ లేదు. ఇక్కడే నా మొదటి వెధవ పని. వీడియోలు చూసి ఇగ్నిషన్ కాయిల్ పోయిందని తేల్చేసి 2,200 పెట్టి డూప్లికేట్ కాయిల్ తెప్పించా. బిగించా. స్పార్క్ లేదు. ఫ్లైవీల్ లాగి కింద ఛార్జ్ కాయిల్ చూద్దామని పుల్లర్ కోసం ఏటిమొగలో మోటార్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికెళ్ళా. ఆయన పుల్లర్ ఇవ్వలేదు. "స్టాప్ వైరు పీకి చూశావా బాబూ?" అన్నాడు.

పీకలేదు.

ఆ ఎర్ర బటన్ నొక్కితే ఇంజన్ ఎలా ఆగుతుందంటే, అది స్పార్క్‌ని ఎర్త్‌కి పంపేస్తుంది, అంతే. లోపల ఉప్పు చేరి ఎప్పుడూ నొక్కినట్టే ఉండిపోతే స్పార్క్ ఎప్పటికీ రాదు. ఇంటికొచ్చి వైరు పీకి తాడు లాగితే రెండు ప్లగ్గుల్లోనూ నీలంగా టిక్ టిక్ మని. స్విచ్ కోసి చూశా, లోపల రాగి పలకల మీద ఇత్తడి చెంబుకి పట్టినట్టు పచ్చటి చిలుము, రెండు పలకలూ దానితోనే అతుక్కుపోయాయి. కొత్త స్విచ్ 350. రెండూ ఒకేసారి చచ్చిపోతే రెండిటికీ ఉమ్మడిగా ఉన్న వస్తువు చూడాలి, నేను చెయ్యనిది అదే. కరెంటు వస్తువు వాపసు తీసుకోం అన్నారు, కాయిల్ ఇంకా అలమరాలోనే ఉంది.

ఇప్పటివరకు మొత్తం: రూ. 17,730

స్టేజ్ 3: రంగు, తర్వాత బోల్టులు (వరస తప్పింది, అదే చెప్తున్నా)

మా బామ్మర్దికి రెండ్రోజులు పని లేదు, వాడి దగ్గర కంప్రెసర్, స్ప్రే గన్ ఉన్నాయి. "బావా, ఇప్పుడు కొట్టకపోతే మళ్ళీ నేను దొరకను" అన్నాడు. సరే అని పైమూత, కాలు (ఇంజన్ కింద నీళ్ళలోకి దిగే పొడుగు భాగం), గేర్‌బాక్స్ అన్నీ రుద్ది అల్యూమినియంకి పట్టే ఎచ్ ప్రైమర్ కొట్టి రంగు వేయించేశా. 2,300. చూడ్డానికి షోరూమ్ నుంచి దించినట్టుంది. వారం తర్వాత ఆ రంగు మీదే మంట పెట్టాల్సొచ్చింది.

ఎందుకంటే గేర్‌బాక్స్ పట్టుకునే బోల్టులు కదల్లేదు. స్టీల్ బోల్టు, అల్యూమినియం బాడీ, మధ్యలో ఉప్పునీళ్ళు. ఈ మూడూ కలిస్తే చిన్న బ్యాటరీ లాగ పనిచేసి అల్యూమినియం తెల్లటి పొడిగా మారి బోల్టు మరల మధ్య సిమెంటులా గట్టిపడిపోద్ది. స్ప్రే కొట్టి రెండ్రోజులు నానబెట్టి పొడుగు పైపు వేసి తిప్పా. మొదటిది టక్‌మని విరిగింది. ఆ శబ్దం ఒకసారి వింటే మర్చిపోరు. బుద్ధి రాలేదు, రెండోది కూడా విరక్కొట్టా. విరిగిన ముక్కకి డ్రిల్ పెడితే బిట్టు మెత్తగా ఉన్న అల్యూమినియం వైపు జారి కన్నం పక్కకి పోయింది.

మళ్ళీ పెద్దాయన దగ్గరికే. "బలం పెడితే ఇరిగిపోద్ది బాబూ, ఏడి పెట్టాలి" అన్నాడు. ఆయన చెప్పిన పద్ధతి, మిగతా బోల్టులన్నీ దీంతోనే విరక్కుండా వచ్చాయి:

1. మంట బోల్టు తల మీద కాదు, చుట్టూ ఉన్న అల్యూమినియం మీద పెట్టాలి. వేడికి అల్యూమినియం స్టీల్ కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, పట్టు వదులుతుంది. పక్కన పెట్రోల్ ఉండకూడదు, ట్యాంకు వేరే గదిలో పెట్టండి.
2. నీటి చుక్క వేస్తే చుర్రుమనేంత వేడి చాలు. రంగు బుడగలు వచ్చి పొగ రావడం మొదలైతే ఆపెయ్యాలి.
3. ముందు బిగించే వైపు కొంచెం, తర్వాత వదిలే వైపు కొంచెం. కదిలిందంటే స్ప్రే కొట్టి మళ్ళీ బిగించి మళ్ళీ వదలాలి.
4. కిర్రుమంటే ఆగి మళ్ళీ వేడి. ఒక్క బోల్టుకి నాకు 40 నిమిషాలు పట్టింది.

విరిగిన రెండిటినీ లేత్ షాపులో తీయించి ఇన్సర్ట్ (కొత్త మర తొడుగు) వేయించా, 900. టార్చి, గ్యాస్ డబ్బా 1,300. కొత్త స్టెయిన్‌లెస్ బోల్టులు 480. మరల మీద పూసే యాంటీసీజ్ గ్రీజు 350. ఆ గ్రీజు ఒక్కటీ పాతాయన పూసుంటే ఈ స్టేజే లేదు. రంగు మాత్రం గేర్‌బాక్స్ చుట్టూ అప్పడంలా లేచిపోయింది.

ఇప్పటివరకు మొత్తం: రూ. 23,060

స్టేజ్ 4: గేర్‌బాక్స్

కింది స్క్రూ తీస్తే నల్లటి ఆయిల్ రావాలి, చిక్కటి టీ రంగులో నురగతో వచ్చింది. సీసాలో పట్టి రాత్రి ఉంచితే పొద్దున అడుగున రెండు వేళ్ళ మందం నీళ్ళు. ఫ్యాను (ప్రొపెల్లర్) తీసి చూస్తే కారణం కనపడింది, షాఫ్ట్ చుట్టూ నైలాన్ వల దారం బిగుసుకుని కరిగి గాజులా అయిపోయి సీలు పెదవిని కోసేసింది. ఫ్యానుకి దారం తగులుకున్నప్పుడు బయటికి కనపడేది కోసి వదిలేస్తాం కదా, లోపలికి పోయిన ఆ ముక్కే ఈ పని చేస్తుంది. అదృష్టం, గేర్ల పళ్ళు బాగానే ఉన్నాయి, బేరింగులో తుప్పు లేదు.

సీలు కిట్ 1,450, నీళ్ళ పంపు ఇంపెల్లర్ (నీళ్ళు తోడే రబ్బరు చక్రం) కిట్ 950. పాత ఇంపెల్లర్ రెక్కలన్నీ ఒకే వైపు వంగి చెక్కలా గట్టిపడ్డాయి, అది ఎలాగూ మార్చాల్సిందే.

సీళ్ళు వేశాక గాలి పరీక్ష. ఆయిల్ స్క్రూ కన్నానికి సరిపోయే నిపుల్ లేత్‌లో 200కి చేయించి సైకిల్ పంపుతో 10 పీఎస్ఐ ఎక్కించి తొట్టిలో ముంచా. ఫ్యాను షాఫ్ట్ దగ్గర బుడగలు. కొత్త సీలుకే. గోరుతో షాఫ్ట్ మీద గీస్తే తగిలింది, పాత సీలు పెదవి ఏళ్ళ తరబడి తిరిగిన చోట గాడి పడింది, వెర్నియర్‌తో చూస్తే 0.2 మి.మీ. అరిగింది. కొత్త షాఫ్ట్ రేటు అడిగి ఫోన్ పెట్టేశా. ఇంకో సీలు 450 పెట్టి కొని, ఈసారి దాన్ని పూర్తి లోతుకి కొట్టకుండా 1.5 మి.మీ. బయటికి ఉంచా, పెదవి గాడి మీద కాకుండా పక్కన నున్నటి చోట కూర్చునేలా. మళ్ళీ 10 పీఎస్ఐ, పది నిమిషాలు, ఒక్క బుడగ లేదు.

ఆయిల్ ఎప్పుడూ కింది కన్నంలోంచి పైకి ఎక్కించాలి, పై కన్నంలోంచి బుడగలు లేకుండా కారేవరకు. ముందు పై స్క్రూ బిగించి తర్వాత కింది ట్యూబు తీసి స్క్రూ పెట్టాలి. పైనుంచి పోస్తే గాలి లోపలే ఉండిపోయి సగమే నిండుతుంది. గేర్ ఆయిల్ 350.

ఇప్పటివరకు మొత్తం: రూ. 26,460

స్టేజ్ 5: బ్లాక్ (డబ్బంతా ఇక్కడే)

హెడ్ విప్పితే కింది సిలిండర్లో నిలువునా గీతలు, వేలికి తగులుతున్నాయి. రింగులతో సరిపెడదామన్న ఆశ అక్కడితో సరి. లేత్ షాపులో బోర్ గేజ్ పెట్టి కొలిస్తే పైది 50.06, కిందది పోర్టుల (సిలిండర్ గోడలో ఉండే కిటికీల) దగ్గర 50.13. రెండిటినీ 0.25 ఓవర్‌సైజ్ చేయాల్సిందే.

కానీ తేదీ చూడండి, మే మొదటి వారం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే, ఆ రెండు నెలల్లోనే అందరూ ఇంజన్లు విప్పుతారు. లేత్ షాపు ముందు నా బ్లాక్ కంటే ముందు వరసలో ఎన్ని డీజిల్ ఇంజన్లున్నాయో లెక్కపెట్టలేదు, 23 రోజులు ఆగా. మీరు సరదాకి చేస్తున్నవాళ్ళైతే నిషేధం టైములో పెట్టుకోకండి, వాళ్ళకది బతుకుతెరువు, తొందరపెట్టడానికి కూడా నోరు రాదు.

పిస్టన్లు చేతికొచ్చాకే బోరింగ్‌కి ఇవ్వాలి. పిస్టన్‌ని కొలిచి దానికి తగ్గ గ్యాప్ ఉంచి కోస్తారు, పుస్తకంలో 50.25 అని చూసి కొయ్యరు. ఇది లేత్ ఆయన చెప్పాడు, నేను పిస్టన్లు లేకుండా వెళ్తే వెనక్కి పంపేశాడు. కోశాక ఇంకోటి అడగండి, పోర్టుల అంచులు నున్నగా వాల్చారా అని. టూ స్ట్రోక్‌లో పిస్టన్ రింగు ఆ కిటికీల మీంచే పోతుంది, అంచు కత్తిలా ఉంటే రింగు తగులుకుని విరుగుతుంది.

రింగు గ్యాప్ నేనే చూశా. రింగుని సిలిండర్లో పెట్టి పిస్టన్‌తో తిన్నగా కిందికి నెట్టి ఫీలర్ గేజ్ పెట్టాలి. 50 మి.మీ. బోర్‌కి ఉజ్జాయింపుగా 0.2 మి.మీ. ఉండాలి. పైవి రెండూ సరిపోయాయి, కింది సిలిండర్ రింగు ఒకటి 0.10 చూపించింది. వేడెక్కితే రెండు కొసలూ గుద్దుకుంటాయి. సన్న ఆకురాయితో ఒకే వైపు మెల్లగా రాస్తూ 0.20కి తెచ్చా.

ఇప్పుడు నా రెండో వెధవ పని. హెడ్ లోపల నీళ్ళు తిరిగే దారుల్లో ఉప్పు గారలా పట్టేసింది. నిమ్మఉప్పు కలిపిన వేడినీళ్ళలో అరగంట పెడితే బుసబుసా పొంగి చాలావరకు వదిలింది. అక్కడితో ఆగాలి కదా, ఇంకొంచెం పోతుందని రాత్రంతా వదిలేసి పడుకున్నా. పొద్దున హెడ్ ముఖం బూడిద రంగుకి తిరిగి సూది గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు, గాస్కెట్ కూర్చునే చోటే. నిమ్మఉప్పు గారనే కాదు అల్యూమినియంనీ తింటుంది. మందపాటి అద్దం మీద 400 నంబరు ఎమెరీ కాగితం పరిచి హెడ్‌ని ఎనిమిది ఆకారంలో తిప్పుతూ రెండు సాయంత్రాలు రుద్దా. మార్కర్‌తో గీతలు గీసి రుద్దాలి, గీతలన్నీ సమానంగా చెరిగితే ముఖం సాపుగా ఉన్నట్టు. మా ఆవిడ వచ్చి చూసి "ఇంట్లో పెనం ఒక్కసారైనా ఇలా తోమారా" అంది, ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

బోరింగ్, హోనింగ్ రెండిటికీ 1,600. పిస్టన్, రింగు, పిన్నుల సెట్లు రెండు 5,200. గాస్కెట్ సెట్ 1,800. క్రాంక్ సీళ్ళు 700. ఎమెరీ, అద్దం 150. నిమ్మఉప్పు 60.

ఇప్పటివరకు మొత్తం: రూ. 35,970

స్టేజ్ 6: కార్బురేటర్, పెట్రోలు

ఇది తొందరగా అయిపోయింది. కార్బురేటర్ గిన్నెలో పాత పెట్రోలు బెల్లం పాకంలా అంటుకుపోయింది. జెట్లు గుండుసూదితో పొడవకండి, కన్నం పెద్దదైపోతుంది, వైరులోంచి తీసిన సన్న రాగి పోగు చాలు. కిట్ 1,100, ఫ్యూయల్ పంపు డయాఫ్రం 380, కొత్త పైపు, చేత్తో నొక్కే బల్బు 870, ఫిల్టర్ 120. పైపు పాతది బయటికి బానే కనపడింది, కోసి చూస్తే లోపలి పొర రేకులుగా ఊడుతోంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత రబ్బరుకి అది పడదు, పైగా తేమ లాగి నిల్వ ఉంటే నీళ్ళు విడిపోతాయి. ఆయిల్ కలపకుండా మిగిలిన పెట్రోలు స్కూటర్‌లో పోసేస్తున్నా.

ఆయిల్ బైక్‌లకి వాడే టూటీ కాదు, డబ్బా మీద టీసీడబ్ల్యూ3 అని ఉండాలి, అది నీళ్ళతో చల్లబడే ఔట్‌బోర్డ్‌ల కోసం బూడిద మిగలకుండా చేసింది. కొత్త పిస్టన్లు కాబట్టి మొదటి పది లీటర్లకి 25కి 1, అంటే లీటరుకి 40 ఎంఎల్. తర్వాత 50కి 1, లీటరుకి 20. ఆయిల్ 480, పెట్రోలు 1,100.

ఇప్పటివరకు మొత్తం: రూ. 40,020

స్టేజ్ 7: డ్రమ్ము

నీళ్ళు నింపి మోటారుని అందులో నడిపి చూడ్డానికి 200 లీటర్ల డ్రమ్ము 900. నీళ్ళు లేకుండా "ఒక్కసారి స్టార్ట్ అవుతుందో లేదో చూద్దాం" అనకండి, ఇంపెల్లర్ రబ్బరు పొడిగా తిరిగితే క్షణాల్లో కాలిపోతుంది.

తొమ్మిదో లాగుకి స్టార్ట్ అయ్యింది. వీధంతా పొగ. పక్కింటావిడ దోమల మందు బండి అనుకుని తలుపులేసుకుంది. కానీ వెనక చిన్న కన్నంలోంచి నీళ్ళధార రావాలి, చుక్కలు చుక్కలుగా పడుతోంది. నిమిషంన్నరకి హెడ్ మీద చెయ్యి పెట్టలేకపోయా, ఆపేశా. కన్నంలో వైరు పొడిచా, గాలి కొట్టా, మార్పు లేదు. మళ్ళీ గేర్‌బాక్స్ దించితే పంపు నుంచి పైకెళ్ళే నీళ్ళ గొట్టం దాని రబ్బరు బుష్‌లో కూర్చోలేదు, పక్కన ఆని ఉంది. పంపు తోడిన నీళ్ళన్నీ కాలులోకే పోతున్నాయి. బుష్ కూడా నలిగింది, 90. ఈసారి టార్చిలైటు వేసి చూస్తూ గొట్టానికి గ్రీజు రాసి ఎక్కించా. యాంటీసీజ్ పూసినందుకు బోల్టులు చేత్తో వచ్చేశాయి, అదొక్కటే ఆ రోజు ఆనందం.

ధార వచ్చింది, పెన్సిల్ లావున. పావుగంట నడిచాక గోరువెచ్చగా. కంప్రెషన్ చల్లారాక చూస్తే పైది 108, కిందది 106.

ఇప్పటివరకు మొత్తం: రూ. 41,010

స్టేజ్ 8: మళ్ళీ రంగు

బామ్మర్ది దొరకలేదు, అన్నట్టే. స్ప్రే డబ్బాలతో గేర్‌బాక్స్ వరకు నేనే కొట్టా, 1,400. దగ్గర్నుంచి చూస్తే తేడా తెలుస్తుంది. జింకు ఆనోడ్ కొత్తది 650, దాని మీద రంగు పడకుండా టేపు వేశా, రంగు వేస్తే అది తుప్పుని తన మీదకి లాక్కోలేదు. వంగిన ఫ్యాను రెక్క వెల్డింగ్ చేసి సాపు చేయించడానికి 600.

ఇప్పటివరకు మొత్తం: రూ. 43,660

స్టేజ్ 9: నీళ్ళలో

తెలిసినవాళ్ళ ఫైబర్ బోటుకి తగిలించి జగన్నాథపురం వంతెన దిగువన ఉప్పుటేరులో. ఆటో 700. ముగ్గురం ఎక్కాం. సగం థ్రాటిల్ దాకా బానే ఉంది, ఇంకాస్త ఇస్తే ఇంజన్ అరుస్తోంది గానీ బోటు కదలట్లేదు. బురదలో బైకు టైరు తిరిగినట్టు. క్లచ్ లాంటిది ఏదైనా పోయిందా అని అక్కడే భయమేసింది.

ఫ్యాను మధ్యలో షాఫ్ట్ పట్టుకునే గొట్టానికీ రెక్కలకీ మధ్య రబ్బరు ఉంటుంది, దేనికైనా తగిలితే గేర్లు పోకుండా అది జారుతుంది. మనది మామూలుగానే జారుతోందేమో అని అనుమానం. పరీక్ష తేలిక, గొట్టం మీంచి రెక్క మొదలు దాకా మార్కర్‌తో ఒకటే గీత గీసి ఫుల్ థ్రాటిల్ ఇచ్చి ఒడ్డుకొచ్చి చూశా. గీత రెండు ముక్కలైంది, మధ్య నాలుగు వేళ్ళ దూరం. వెల్డింగ్ చేయించిన 600 కూడా నీళ్ళపాలు, ఆ వేడికే రబ్బరు పోయిందని పెద్దాయన అనుమానం, నాకూ అదే అనిపిస్తోంది. వాడిన ఫ్యాను మంచిది 2,500కి ఆయనే చూసిపెట్టాడు.

రెండో ట్రిప్పులో, ముగ్గురితో, ముప్పావు థ్రాటిల్, ఫోన్ జీపీఎస్‌లో గంటకి 11 నుంచి 12 కిలోమీటర్లు. గంటా ఐదు నిమిషాలకి 3.1 లీటర్లు తాగింది. ధార ఆగలేదు. ఇంటికొచ్చాక డ్రమ్ములో మంచినీళ్ళు పోసి పది నిమిషాలు తిప్పా.

ఇప్పటివరకు మొత్తం: రూ. 46,860

ఇందులో అక్కర్లేకుండా పోయినవి: కాయిల్ 2,200, విరిగిన బోల్టులకి 900, మొదటి రంగు 2,300, రెండో సీలు 450, ఫ్యాను వెల్డింగ్ 600. కలిపితే 6,450. అవి తీసేసినా 40,410, ఏటిమొగలో చెప్పిన 45 వేలకి పెద్ద తేడా లేదు, బేరమాడితే వాళ్ళూ ఓ రెండు మూడు వేలు తగ్గేవాళ్ళే. నా నాలుగు నెలల ఆదివారాలు లెక్కలో వేయలేదు.

ప్రస్తుతం మిగిలింది రివర్స్ గేరు. మూడు సార్లకి ఒకసారి పడట్లేదు, పడినా కటకటమంటోంది. షిఫ్ట్ రాడ్ కలిపే నట్టు ఒక మర పొడుగైందని అనుకుంటున్నా, వచ్చే ఆదివారం విప్పుతా. అది కాక లోపల గేరు పన్నే అరిగుంటే, ఆ రేటు ఇంకా అడగలేదు.